కాలేజీ చదువు ఎలా చదవాలి? అనంతపురం, కర్నూలు, కడప విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్లు పూర్తయిన నెలకు ఈ సందేహాలు మొదలవుతాయి. మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలు) ముందు ఎక్కువవుతాయి, రిజల్ట్స్ వచ్చాక ఇంకో రకంగా వస్తాయి. డిగ్రీ వాళ్లు, ఇంజినీరింగ్ వాళ్లు, పీజీ వాళ్లు అడిగేవి దాదాపు అవే. అందుకే పిల్లలు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు ఒకచోట రాశాను. వరసగా చదవాల్సిన పని లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి నేరుగా వెళ్లండి.

## చేరిన కొత్తలో

ఇంటర్‌లో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టి చదివించేవాళ్లు. ఇక్కడ చదివావా అని అడిగేవాళ్లే లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి సార్?

ఇంటర్‌లో ఏ రోజు ఏ చాప్టరో వేరేవాళ్లు నిర్ణయించారు. ఇప్పుడు ఆ పని మీ మీద పడింది. ముందుగా మీ యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి మీ కోర్సు సిలబస్, రెగ్యులేషన్స్ దించుకోండి. ఒక్కో సబ్జెక్టు సిలబస్ పేజీని ప్రింట్ తీసి ఆ నోట్సు మొదట్లో అతికించండి. క్లాసులో ఒక టాపిక్ అయిన రోజు దాని పక్కన తేదీ వేయండి. పుస్తకం చూడకుండా దాన్ని మీరు చెప్పగలిగిన రోజు పక్కనే రెండో తేదీ వేయండి. రెండో తేదీ పడని టాపిక్కులు ఏవో చూస్తే ఈ రోజు ఏం చదవాలో తెలిసిపోతుంది. అడిగేవాళ్లు లేని లోటును ఆ ఒక్క పేజీ చాలావరకు తీరుస్తుంది.

టెన్త్, ఇంటర్ తెలుగు మీడియంలో చదివాను. ఇక్కడ అంతా ఇంగ్లీషే. క్లాసులో కూర్చుంటే ఏమీ అర్థం కావట్లేదు. మానేయాలనిపిస్తోంది.

ఈ ప్రశ్న అడిగేటప్పుడు పిల్లలు తల దించుకుంటారు. అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2021-22లో రాష్ట్రంలో డిగ్రీ మొదటి సంవత్సరాన్ని ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఆలూరు, పత్తికొండ, రాయదుర్గం, జమ్మలమడుగు వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో మీలాంటివాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. సబ్జెక్టు రాకపోవడం వేరు, భాష అడ్డుపడటం వేరు. మీకున్నది రెండోది. పద్ధతిగా చేస్తే సెమిస్టర్ తిరిగేసరికి చాలావరకు సర్దుకుంటుంది.

క్లాసుకు ముందు రోజు రాత్రి ఆ పాఠాన్ని తెలుగులో ఒకసారి చదువుకుని వెళ్లండి. తెలుగు అకాడమీ వేసిన పాత డిగ్రీ పుస్తకాలు కాలేజీ లైబ్రరీలోనో, సీనియర్ల దగ్గరో దొరుకుతాయి. విషయం ముందే తెలిస్తే లెక్చరర్ ఇంగ్లీషులో చెప్పేది చెవికి పడుతుంది. నోట్సు చివరి పేజీలను రెండు గళ్లుగా గీసి ఒకవైపు 'మార్జినల్ యుటిలిటీ' అని, ఎదురుగా 'ఉపాంత ప్రయోజనం' అని రాసుకోండి. బోటనీ అయితే 'ఆస్మాసిస్' ఎదురుగా 'ద్రవాభిసరణ'. రోజుకు అయిదు పదాలు చాలు. వాటి స్పెల్లింగు చేత్తో రాసి నేర్చుకోండి.

జవాబులు రాసే దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఇంగ్లీషు పేరాలు అర్థం కాకుండానే బట్టీ పడతారు. హాల్లో మధ్యలో ఒక మాట జారిపోతే అక్కడితో పెన్ను ఆగిపోతుంది. దాని బదులు ఇలా చేయండి. డిమాండ్ సూత్రం గురించి రాయాలనుకోండి. ముందు తెలుగులో మనసులో అనుకోండి: మిగతావేవీ మారనప్పుడు, ధర పెరిగితే జనం తక్కువ కొంటారు, ధర తగ్గితే ఎక్కువ కొంటారు. ఇప్పుడు అదే మాటను మీకు వచ్చిన ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా రాయండి. పక్కన డిమాండ్ రేఖ గీయండి. గ్రామర్ తప్పు ఒకటి రెండు పడినా, పాయింటు, డయాగ్రం, సరైన టర్మ్ ఉంటే మార్కులు పడతాయి. ఇలా రోజుకు ఒక్క జవాబు రాసి చూడండి. క్లాసులో డౌటు మాత్రం తెలుగులోనే అడగండి. అడగడానికి భాష అడ్డం కాకూడదు.

రోజుకు ఎన్ని గంటలు చదవాలి?

క్లాసులున్న రోజు ఇంటి దగ్గర రెండు, రెండున్నర గంటలు ధ్యాస పెట్టి చదివితే చాలు. ఆదివారం ఇంకాస్త ఎక్కువ. పుస్తకం ముందేసుకుని అయిదు గంటలు కూర్చున్నానని చెప్పే పిల్లలను 'ఏం చదివావో చెప్పు' అంటే నాలుగు ముక్కలు రావు. గంటలకు బదులు ఈ రోజు ఎన్ని టాపిక్కులు చూడకుండా చెప్పగలిగానో లెక్కేసుకోండి.

క్లాసుకు పోవడం టైం దండగ. అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా?

వీడియోలు మంచివే. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, ఇంజినీరింగ్, సైన్స్ వాళ్లకు బాగా పనికొస్తాయి. కానీ ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) పేపర్ ఇచ్చేది మీ లెక్చరరే, ఆయన ఏది నొక్కి చెప్పారో క్లాసులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. హాజరు సంగతి సరేసరి. జేఎన్‌టీయూ అనంతపురం నిబంధనల్లో మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు తక్కువైనందుకు మినహాయింపు) తెచ్చుకోవాలి. 65 కూడా లేకపోతే డిటైన్ అయినట్టే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా హాజరు చూస్తారు. ఇంట్లోవాళ్లు వేరుశనగ అమ్మిన డబ్బుతో కాలేజీ ఫీజు కట్టే పరిస్థితి తెచ్చుకోకండి.

## సెమిస్టర్ నడుస్తుండగా

ఎంత చదివినా పరీక్ష హాల్లో గుర్తు రావట్లేదు. నాకు జ్ఞాపకశక్తి తక్కువేమో?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు కూడా ఇదే అన్నిటికంటే ముఖ్యం. మీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు, చదివే పద్ధతిలో ఒక్క మెట్టు తప్పిపోయింది. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతుంటే అది కళ్లకు అలవాటైపోయి 'వచ్చేసింది' అనిపిస్తుంది. హాల్లో కళ్ల ముందు పుస్తకం ఉండదు, లోపలి నుంచి బయటికి తీయాలి. ఆ తీసే పని ఇంటి దగ్గర ఒక్కసారైనా చేయకపోతే అక్కడ ఎలా వస్తుంది?

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. విద్యార్థుల చేత ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో వ్యాసాన్ని మాత్రం ఒక్కసారే చదివించి, చూడకుండా గుర్తున్నంత రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే కాస్త ఎక్కువ గుర్తుంది: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతమే మిగిలింది, రాసి చూసుకున్నది 56 శాతం మిగిలింది. పరీక్షకు ముందు రాత్రి అంతా వచ్చినట్టు అనిపించి, తర్వాత ఏమీ మిగలకపోవడానికి కారణం ఇదే.

చేయాల్సింది ఇది. సాయంత్రం ఆ రోజు చెప్పిన పాఠం ఒకసారి చదవండి. పుస్తకం మూసేయండి. రఫ్ కాగితం మీద పైన టాపిక్ పేరు రాసి, గుర్తొచ్చినంత రాయండి. వరస తప్పినా, అక్షరాలు కొట్టేసినా ఫర్వాలేదు. ఉదాహరణకు ట్రాన్స్‌ఫార్మర్ పాఠమైతే: బొమ్మ, ప్రైమరీ, సెకండరీ చుట్లు, ఏసీకే ఎందుకు పనిచేస్తుంది, చుట్ల నిష్పత్తికీ వోల్టేజీకీ సంబంధం, నష్టాలు ఎన్ని రకాలు. నష్టాల దగ్గర పెన్ను ఆగిందనుకోండి. అయిదు నిమిషాలు గింజుకోండి, వెంటనే పుస్తకం తెరవకండి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాయండి. రేపు చదవాల్సింది ఆ ఎర్ర సిరా మాత్రమే.

మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులకు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి అదే టాపిక్‌ను ఇలాగే పది నిమిషాల్లో తిరగేయండి. మరిచిపోవడం చదివిన వెంటనే వేగంగా జరుగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మన సీమలో ఒక్క రాత్రి కుండపోతగా కురిసిన వాన వంకల్లో కొట్టుకుపోతుంది, విడతలుగా పడిన వానే చేనికి దక్కుతుంది. చదువుకూ అంతే.

పీపీటీలు, నోట్స్ అన్నీ వాట్సాప్ గ్రూపులో వస్తున్నాయి. ఇక క్లాసులో రాసుకోవడం ఎందుకు?

చెప్పింది విని, మీ మాటల్లోకి మార్చి, రెండు ముక్కల్లో రాసేటప్పుడు మెదడు పనిచేస్తుంది. పీడీఎఫ్ దించుకున్నప్పుడు ఫోన్ మెమరీ నిండుతుంది, అంతే. ప్రతి మాటా రాయక్కర్లేదు. బోర్డు మీద వేసిన బొమ్మ, లెక్చరర్ రెండుసార్లు చెప్పిన మాట, పుస్తకంలో లేని ఉదాహరణ, మీకు అర్థం కాని చోట ఒక ప్రశ్న గుర్తు. ఇవి ఉంటే చాలు.

బోర్డు మీద లెక్క చేస్తుంటే అంతా అర్థమవుతుంది. ఇంటికొచ్చి నేను చేస్తే రాదు. ఎందుకు?

చేసిన లెక్క చూడటం, లెక్క చేయడం రెండూ వేరు. మ్యాథ్స్, అకౌంటెన్సీ, ఫిజిక్స్ ప్రాబ్లమ్స్, ప్రోగ్రామింగ్ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. క్లాసులో చేసిన లెక్కనే ఆ రాత్రి సొల్యూషన్ మూసి మొదటి నుంచి చేయండి. ఆగిన చోట ఒక్క స్టెప్ మాత్రం చూసి మళ్లీ మూయండి. అది వచ్చాక అంకెలు మార్చి చేయండి. తర్వాత రెండు మూడు రకాల లెక్కలు కలిపేసి చేయండి, ఎందుకంటే పరీక్షలో ఏ లెక్కకు ఏ సూత్రమో ఎవరూ చెప్పరు, మీరే గుర్తుపట్టాలి. కోడ్ అయితే ముందు కాగితం మీద రాసి, తర్వాత టైప్ చేయండి. ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లోనూ ఇంటర్వ్యూల్లోనూ ఆ అలవాటు ఆదుకుంటుంది.

కళ్యాణదుర్గం నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది, ఓపిక ఉండదు. ఎప్పుడు చదవాలి?

తాడిపత్రి, ధర్మవరం, ఆళ్లగడ్డ, ప్రొద్దుటూరు నుంచి తిరిగేవాళ్లందరిదీ ఇదే కష్టం. ఇంటికెళ్లి చదువుతాననే ఆశ తగ్గించుకుని కాలేజీలో ఉండే ఖాళీ పీరియడ్లను పట్టుకోండి. సాయంత్రం బస్సుకు ముందు లైబ్రరీలో ముప్పావు గంట దొరికితే ఆ రోజు పాఠాలను చూడకుండా రాసుకోవడం అక్కడే ముగించేయండి. కుదుపుల్లో పుస్తకం చదివితే తలనొప్పి వస్తుంది. పొద్దున బస్సులో కళ్లు మూసుకుని నిన్నటి పాఠాన్ని మనసులో అప్పజెప్పుకోండి. లేదా డెఫినిషన్లు, ఫార్ములాలు మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. సాయంత్రం బస్సులో నిద్ర వస్తే పడుకోండి. అది సోమరితనం కాదు, ఒళ్లు అడుగుతోంది.

హాస్టల్ రూమ్‌లో ఎప్పుడూ ముచ్చట్లే. చదువు సాగట్లేదు.

రూమ్‌ను నిద్రకు ఉంచి, చదువుకు వేరే చోటు వెతుక్కోండి. స్టడీ హాల్, ఖాళీ క్లాస్‌రూమ్, చల్లబడ్డాక మిద్దె, ఏదైనా సరే. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అక్కడ గంటల తరబడి కూర్చుంటారు, ఆ వాతావరణం మిమ్మల్నీ కూర్చోబెడుతుంది. కడపలో తెలుగు ఎంఏ చదివేవాళ్లయితే ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రాన్ని తప్పక వాడుకోండి. బ్రౌన్ నివసించిన చోటే అది వెలిసింది, తాళపత్రాలు, పాత పుస్తకాలు ఉన్నాయి. అంత దగ్గర్లో ఉండి చూడకుండా డిగ్రీ పట్టా తీసుకెళ్లేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నాను. ఒక్క రీల్ అనుకుంటే గంట అయిపోతోంది.

మనసు గట్టి చేసుకోవడం మీద ఆధారపడకండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి, లేదా ఫ్రెండ్ చేతికివ్వండి. టైం చూడటానికి చేతి గడియారం పెట్టుకోండి. ఇరవై అయిదు నిమిషాలు చదివి అయిదు నిమిషాలు లేచి తిరిగే పద్ధతి చాలామందికి పనిచేస్తుంది. ఆ అయిదు నిమిషాల్లో ఫోన్ మాత్రం ముట్టుకోకూడదు, నీళ్లు తాగి రండి.

గ్రూప్ స్టడీ మంచిదేనా?

ముగ్గురు దాటితే కబుర్లే. ఒక్కొక్కరు ఒక్కో టాపిక్ ముందే చదువుకొచ్చి మిగతావాళ్లకు చెప్పాలి, వాళ్లు అడ్డు ప్రశ్నలు వేయాలి. చెప్పేవాళ్లకే ఎక్కువ లాభం. ఎవరూ చదవకుండా వచ్చిన రోజు కలవకపోవడమే మేలు.

## మిడ్స్, ఇంటర్నల్స్ సమయంలో

మొదటి మిడ్‌లో మార్కులు పోయాయి. ఇక ఇంటర్నల్స్ పోయినట్టేనా?

పోలేదు. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని బీటెక్‌లో రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. మొదటి మిడ్‌లో 30కి 14 వచ్చి, రెండో మిడ్‌లో 24 తెచ్చుకున్నారనుకోండి. 24లో 80 శాతం 19.2, 14లో 20 శాతం 2.8, మొత్తం 22. అంటే మొదటి దెబ్బ నుంచి దాదాపు కోలుకున్నట్టే. డిగ్రీ వాళ్లకు యూనివర్సిటీని బట్టి లెక్క మారుతుంది, మీ రెగ్యులేషన్స్‌లో చూసుకోండి. మిడ్ పేపర్ చేతికిచ్చినప్పుడు మార్కు చూసి మడిచి పెట్టేయకండి. ఏ ప్రశ్న రాయలేకపోయారో అది ఆ వారమే నేర్చుకోండి, సెమిస్టర్ పరీక్షలో అదే యూనిట్ మళ్లీ వస్తుంది.

ఆల్ ఇన్ వన్ గైడు, సీనియర్లు ఇచ్చిన ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివితే సరిపోదా?

పాస్ కావడానికి ఒక్కోసారి సరిపోతాయి. అయినా వాటితోనే మొదలుపెట్టొద్దనే చెబుతాను. టెక్స్ట్‌బుక్‌లో పాఠం చదివాక ఆల్ ఇన్ వన్ తీసుకుంటే, జవాబు ఎంత కుదించి రాయాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. పాత ప్రశ్నపత్రాలు మాత్రం తప్పకుండా సంపాదించండి. జవాబులు చదవడానికి కాదు, చూడకుండా రాసి మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి.

రికార్డులు, అసైన్‌మెంట్లు రాయడానికే టైమంతా పోతోంది.

ల్యాబ్ అయిన రోజు రాత్రే ఆ ఎక్స్‌పరిమెంట్ రికార్డు రాసేయండి, రీడింగ్స్ గుర్తుంటాయి, తప్పులు పడవు. సబ్మిషన్ ముందు రోజు రాత్రి పది ఎక్స్‌పరిమెంట్లు కాపీ కొట్టడంలోనే అసలు టైం పోతుంది.

## సెమిస్టర్ పరీక్షలప్పుడు

రేపు పరీక్ష, రెండు యూనిట్లు మిగిలాయి. నైట్‌అవుట్ చేయాలా?

వద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. మీ వయసువాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలని నిపుణులు చెబుతారు, పరీక్ష రోజుల్లో కనీసం ఆరైనా పోనివ్వకండి. మిగిలిన రెండు యూనిట్లలో హెడ్డింగులు, బొమ్మలు, డెఫినిషన్లు పట్టుకుని పదకొండుకు పడుకోండి. పొద్దున అయిదుకు లేచి, ఇప్పటికే వచ్చినవి ఒకసారి మనసులో తిరగేయండి. తెల్లవార్లూ మేలుకున్నవాళ్లు హాల్లో తెలిసిన ప్రశ్నకే తప్పు రాయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఉగ్గానో ఇడ్లీనో ఏదో ఒకటి తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో వద్దు.

పరీక్షలు ఎండాకాలంలో పడ్డాయి. మధ్యాహ్నం పుస్తకం ముట్టుకోలేకపోతున్నాం.

ఏప్రిల్, మేలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఆరు తర్వాత కష్టమైనవి పెట్టుకోండి. మధ్యాహ్నం బొమ్మలు గీయడం, పాత పేపర్లు విడదీసుకోవడం లాంటి తేలిక పనులు చేసి, అరగంట పడుకోండి. మజ్జిగ, నీళ్లు దగ్గర పెట్టుకోండి. దాహంతో ఉంటే ధ్యాస నిలవదు.

అన్నీ వచ్చినా మూడు గంటలు చాలట్లేదు.

మూడు గంటలంటే 180 నిమిషాలు. 70 మార్కులకు పంచితే మార్కుకు రెండున్నర నిమిషాలు, పది మార్కుల ప్రశ్నకు ఇరవై అయిదు. చివర్లో సరిచూసుకోవడానికి పది నిమిషాలు తీసేస్తే ఇంకాస్త తక్కువే. మొదటి ప్రశ్న బాగా వచ్చని దానికే నలభై నిమిషాలు పెట్టడం వల్ల చివరి ప్రశ్న ఖాళీగా మిగులుతుంది. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని ఒక పూర్తి పేపర్ రాసి చూడండి. చెయ్యి నొప్పి దగ్గర నుంచి అన్నీ ముందే తెలుస్తాయి.

పేపర్ చేతికి రాగానే టెన్షన్‌తో చేతులు వణుకుతాయి.

చాలామందికి వణుకుతాయి. పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా ఊపిరి తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. అలా అయిదారుసార్లు చేయండి. బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. హాలు బయట పుస్తకాలు తిరగేసే గుంపులో నిలబడకండి, ఎవరో ఒకరు మీకు తెలియని ప్రశ్న అడిగి కంగారు పెడతారు.

## రిజల్ట్స్ తర్వాత

నాలుగు సబ్జెక్టులు ఆగిపోయాయి. ఇంట్లో చెప్పలేదు. ఏం చేయాలో తోచట్లేదు.

ముందు ఇంట్లో చెప్పండి. అమ్మకైనా, అన్నకైనా, మేనమామకైనా, ముందు ఒక్కరికి చెప్పండి. దాచిపెట్టిన మాట మోస్తూ చదవడం ఎవరివల్లా కాదు. అప్పులు చేసి చదివిస్తున్న నాన్న కోప్పడవచ్చు. ఆ కోపం కొన్ని రోజులే. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు ఉండదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. ఏ సబ్జెక్టూ మీ ప్రాణం కంటే పెద్దది కాదు.

ఆ తర్వాత కాగితం తీయండి. ఒక్కో సబ్జెక్టులో ఎన్ని మార్కులతో పోయిందో రాయండి. కొద్దిలో పోయినవి ముందు సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష)లో కట్టి పూర్తి చేయండి. గట్టిగా పోయిన సబ్జెక్టును మాత్రం మొదటి యూనిట్ నుంచి కొత్తగా, వారానికి రెండు రోజులు కేటాయించి చదవండి. ప్రస్తుత సెమిస్టర్ క్లాసులు మాత్రం మానొద్దు. పాతవాటి కోసం కొత్తవి వదిలేస్తే బ్యాక్‌లాగ్స్ పెరుగుతూనే ఉంటాయి.

డిగ్రీతో పాటు గ్రూప్స్, బ్యాంక్ కోచింగ్ కూడా మొదలుపెట్టనా?

మొదటి రెండేళ్లు వద్దు. ఆ రెండేళ్లలో రోజూ పేపర్ చదవడం, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా సోషల్ పుస్తకాలు తిరగేయడం, అరిత్‌మెటిక్ వేగం పెంచుకోవడం చాలు. వీటికి రోజుకు ముప్పావు గంట సరిపోతుంది. బీఏలో హిస్టరీ, పాలిటీ, ఎకనామిక్స్ లాంటివి చదివేవాళ్లకు కాలేజీ సిలబస్సే సగం తయారీ. చివరి సంవత్సరంలో ఫైనల్ మార్కులు ఎక్కడున్నాయో చూసుకుని, బ్యాక్‌లాగ్స్ ఏవీ లేకపోతే అప్పుడు కోచింగ్ ఫీజు కట్టండి.